మైకు మా చేతిలో, చీటీ మీ చేతిలో

నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు నడిపించే కమిటీల పెద్దలకు, కుర్రాళ్లకు నమస్కారం.

నేను ఆర్కెస్ట్రాలో పాడే మనిషిని. కావలి నుంచి కనిగిరి దాకా, కోవూరు నుంచి పొదిలి దాకా మీ ఊళ్ల స్టేజీల మీద మీలో చాలామంది నా పాట వినే ఉంటారు. పేరు మాత్రం రాయడం లేదు. రాస్తే నాతో పాటు పనిచేసే పిల్లలకు ఈ సీజన్లో ప్రోగ్రాములు తగ్గిపోతాయి. అడిగితే పని పోతుందనే ఈ భయం గురించి కూడా మీకు చెప్పాలనే రాస్తున్నాను.

సినిమా పాటల్లో బూతు ఎక్కువైందని, ఆడవాళ్లను ఒంటి కోసమే చూపిస్తున్నారని టీవీల్లో తరచూ చర్చలు పెడతారు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ పాటల్లో అసభ్యమైన స్టెప్పులు పెట్టొద్దని సినిమా వాళ్లను హెచ్చరించింది. మంచి పనే. కానీ సినిమా వాళ్లు ఎక్కడో హైదరాబాదులో ఉంటారు, నా ఉత్తరం వాళ్ల దాకా పోదు. అదే పాటను మన ఊరికి తెచ్చి, ఒక ఆడమనిషిని నిలబెట్టి, అర్ధరాత్రి తాగిన మగవాళ్ల ముందు పాడించేది మీరు. సినిమాలో ఆడే అమ్మాయి తెర మీద ఉంటుంది, ఆమెను ఎవరూ ముట్టుకోలేరు. మాకూ మీ ఊరి జనానికీ మధ్య ఉండేది నాలుగడుగుల ఎత్తు స్టేజీ, ఒక్కోసారి తిరునాళ్లలో దీపాలతో ఎత్తుగా కట్టే ప్రభ ముందు వేసిన నాలుగు చెక్కలు. అందుకే మీకు రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, ఐటమ్ పాటలు ఆపేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఆ పాటలు నాకు ఇష్టమే. మంచి దరువు పడితే ఒళ్లు దానంతటదే కదులుతుంది, గొంతులో కొంటెతనం వస్తుంది. ఆడది తన కోరిక గురించి పాడితే లోకం మునిగిపోదు. మన అమ్మమ్మలు నాట్లప్పుడు బావల మీద, మరదళ్ల మీద పాడుకున్న పాటల్లో ఇంతకంటే ఘాటు ఉండేది, మడిలో ఉన్న ఆడవాళ్లందరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. ఆ పాట ఎవరు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆ ఆడవాళ్లే చూసుకునేవాళ్లు. మా స్టేజీ మీద ఆ వీలు లేదు. నా బాధంతా అక్కడే ఉంది.

మీరు ప్రోగ్రాం ఎలా మాట్లాడతారో గుర్తు చేసుకోండి. ట్రూప్ నడిపే ఆయనకు ఫోన్ చేసి మొదట అడిగేది "ఆడపిల్లలు ఎంతమంది వస్తారు" అని. కీబోర్డు ఎవరు వాయిస్తారు, ప్యాడ్స్ ఎవరు, పాడేవాళ్లు శ్రుతిలో పాడతారా అని అడిగిన కమిటీలు తక్కువ. ఎంతమంది ఆడపిల్లలైతే అంత రేటు. మాట కుదిరాక ఇంకో మాట చెప్తారు: "పాటలు ఊపుగా ఉండాలబ్బా, కుర్రోళ్లు గొడవ చేస్తారు." కుర్రాళ్లు గొడవ చేయకుండా ఉండడానికి మేం పూచీ పడాలన్న మాట.

రాత్రి 8 గంటలకు గణపతి పాటతో మొదలుపెడతాం. ముందు వరసలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు చాపలేసుకుని కూర్చుంటారు. పాత మెలోడీలు పాడితే తల ఊపుతారు. అప్పుడప్పుడు ఒక పెద్దావిడ ఫలానా సినిమాలో పాట పాడమ్మా అని మనవరాలితో చెప్పి పంపుతుంది. ఆ రెండు గంటలు మేం గాయనీమణులం. పది దాటాక చాపలు లేస్తాయి. ఆడవాళ్లు ఇళ్లకు పోతారు, ఖాళీ అయిన చోటికి వెనక నిలబడ్డ మగవాళ్లు వస్తారు. అప్పటి నుంచి చీటీలు మొదలు. పాట పేరు, కింద డబ్బు, పక్కన ఎవరు చేయాలో కూడా: "ఎర్ర చీరామె పాడాలి", "పచ్చ డ్రెస్సు పిల్ల ఆడాలి." మా పేర్లు పోయి రంగులు మిగులుతాయి. యాంకర్ ఆ చీటీ చదివి, "ఫలానా అన్న 500 చదివించారు, మన పాప ఏమిస్తుందో చూద్దాం" అని మా మీద ఒక జోకు వేస్తాడు. మగ గాయకుడి మీద అలాంటి జోకు వేయడం నేనెన్నడూ వినలేదు.

వన్స్ మోర్ అంటే మళ్లీ పాడాలి. ఇంకో చీటీ వస్తే ఇంకోసారి. నోటు పట్టుకుని స్టేజీ ఎక్కేవాడు దాన్ని చేతికివ్వడు, భుజానికి గుచ్చాలని చూస్తాడు. వెనక్కి జరిగితే "ఏంది పాపా, డబ్బులిచ్చింది మేం గదా" అంటాడు. ఒక ఊళ్లో నేను పాడనని మైకు పెట్టేసి కూర్చుంటే, కమిటీలో ఉన్న పెద్దమనిషి వచ్చి, తిట్టకుండానే, చాలా మెత్తగా చెప్పాడు: "నువ్వు పాడితే అందరికీ డబ్బులొస్తాయి తల్లీ, నీ ఇష్టం." కీబోర్డు వాయించే అన్నకు ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. డ్రైవరుకు డీజిల్ డబ్బులు కావాలి. లేచి పాడాను. ఆ పాటలో అమ్మాయి తానే మగవాణ్ని రమ్మని పిలుస్తుంది. ఆ పిలుపు నా గొంతులోంచే వచ్చింది, అందులో నా ఇష్టం మాత్రం లేదు.

పాటల్లో ఆడదాని అధికారం, మగవాడి అధికారం అని పెద్ద చదువులు చదివినవాళ్లు మాట్లాడుతుంటారు. మా స్టేజీ మీద అది కంటికి కనిపిస్తుంది. ఆ పాట రాసింది మగాయన. బాణీ కట్టింది, స్టెప్పు వేయించింది, కెమెరా పట్టింది ఎక్కువగా మగవాళ్లే. చీటీ రాసేదీ మగవాడే. "నాకు ఇది కావాలి" అని పైకి అనేది మాత్రం ఆడ గొంతు. వినేవాళ్లకు ఆ గొంతు, ఆ మనిషి ఒకటే అయిపోతాయి. పాట అయ్యాక మెట్లు దిగుతుంటే నంబరు అడుగుతారు. పాటలో రమ్మన్నావు గదా అన్నట్టు చూస్తారు.

మాట మారితే చూపు మారుతుందని కొందరంటారు. నేనూ ఆశపడ్డాను. 2021 చివర్లో వచ్చిన 'పుష్ప' సినిమాలో ఐటమ్ పాట మీకందరికీ నోటికి వచ్చు. ఆ పాట ఆడవాళ్ల కట్టూబొట్టును కాదు, మగవాళ్ల బుద్ధినే తప్పుపడుతుంది. ఆడది ఏది కట్టుకున్నా, ఏ రంగులో ఉన్నా మీ చూపే వంకర అంటుంది. ఇది మగవాళ్లకు అవమానమని ఒక మగవాళ్ల సంఘం అప్పట్లో అభ్యంతరం కూడా చెప్పింది. మొదటిసారి స్టేజీ మీద పాడినప్పుడు ఆ మాటలు ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాన చెప్తున్నాననే ధైర్యం వచ్చింది నాకు. వాళ్లు ఈల వేశారు. ఇంకో చీటీ పంపారు. ఆ సీజనంతా అన్నిటికంటే ఎక్కువ చీటీలు వచ్చిన పాట అదే. సాహిత్యంలో ఆడదే గెలిచింది. స్టేజీ మీద ఎవరు ఎవరిని పాడిస్తున్నారనే లెక్క మాత్రం మారలేదు, అది మారనంతవరకు ఏ మాట పాడినా ఒకలాగే వినిపిస్తుంది.

మన నెల్లూరు బాలు గారు భక్తి పాటలు పాడారు, విషాదం పాడారు, కొంటె పాటలు వందల్లో పాడారు. ఏ కొంటె పాట వల్లా ఆయన పరువు ఇసుమంత తగ్గలేదు, తగ్గకూడదు కూడా. అది గాయకుడి ప్రతిభ అన్నాం. ఎల్.ఆర్. ఈశ్వరి గారు క్లబ్బు పాటలు పాడారు, అమ్మవారి పాటలూ పాడారు. తమిళ దేశంలో ఆడి మాసం వస్తే ఆమె పాడిన అమ్మన్ పాటలు మోగని గుడి ఉండదు. ఒకే గొంతు, రెండూ నిజమే. మన దగ్గర ఆర్కెస్ట్రాలో మాస్ పాట పాడిన అమ్మాయిని మర్నాడు అదే గుడిలో భక్తి పాటకు పిలవమంటే కమిటీ వాళ్లు ముఖాలు చూసుకుంటారు. అదే మాస్ పాట నాతో కలిసి డ్యూయెట్‌గా పాడిన మగ గాయకుణ్ని పిలుస్తారు.

ప్రకాశం జిల్లా వాళ్లకు మీ జిల్లా పేరులో ఉన్న పెద్దాయన సంగతి ఒకటి చెప్పాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' అనే కావ్యం రాసింది. రాధ అలకను, కోరికను దాపరికం లేకుండా రాధ వైపు నుంచి చెప్పింది. వీరేశలింగం పంతులు గారంతటి సంస్కర్తకు కూడా అది సహించలేదు, ఆడదై ఉండి ఇలా రాయడమేమిటన్నారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు 1910లో దాన్ని పరిష్కరించి, పుస్తకాలు అచ్చువేసే వావిళ్ల వారి చేత అచ్చు వేయించారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వర్తించవా అని పీఠికలో సూటిగా అడిగారు. తెల్ల ప్రభుత్వం అశ్లీలమని ఆ పుస్తకాన్ని నిషేధించింది. మగకవులు అంతకంటే పచ్చిగా రాసిన ప్రబంధాలను మాత్రం పండితులు సభల్లో చదువుతూనే ఉన్నారు. చివరికి ఆ నిషేధం తొలగింది 1947లో, మద్రాసు రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు) ఉన్నప్పుడు. ఆడది కోరిక గురించి రాస్తే అది నేరం కాదని ఈ గడ్డ మనిషి ఆనాడే ఒప్పుకున్నాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఒంగోలులో ఆయన విగ్రహం ముందు నుంచి మా వ్యాను పోతుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తన పాటలు తానే పాడుకున్నారు. 1953లో 'చండీరాణి' సినిమాకు దర్శకత్వం వహించి మూడు భాషల్లో తీశారు. సంగీతం కూర్చారు, కథలు రాశారు. భర్త రామకృష్ణ గారితో కలిసి స్టూడియో కట్టారు. ఆమె పొగరు గురించి అందరూ కథలు కథలుగా చెప్తారు. ఆ పొగరు వెనక స్టూడియో ఉంది, చేతిలో పని ఉంది, నచ్చకపోతే చేయనని చెప్పి ఇంటికి పోగలిగిన స్థోమత ఉంది. అందరికీ స్టూడియోలు ఉండవు. ఈ పాట ఇప్పుడు పాడను అనే మాట మాత్రం రోజుకూలీ మీద పాడే మాకూ ఉండాలి.

ఇక పోలీసుల సంగతి. ఏటా తిరునాళ్లలో అశ్లీల నృత్యాలని కేసు కడతారు. పేపర్లో ఫొటో పడుతుంది. అందులో ఎవరుంటారు? చున్నీతో ముఖం కప్పుకున్న ఆడపిల్లలు. చీటీ రాసినవాడు ఉండడు, నోటు గుచ్చినవాడు ఉండడు. చట్టం మాత్రం అలా చెప్పడం లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్ బహిరంగంగా అశ్లీల పాటలు పాడడం గురించి. దానికి గరిష్ఠంగా 3 నెలల జైలు, 1,000 రూపాయల జరిమానా. 79వ సెక్షన్ ఆడమనిషిని అవమానించేలా మాట అనడం, సైగ చేయడం గురించి. దానికి 3 ఏళ్ల దాకా జైలు. ఒంటి మీద చేయి వేస్తే ఇంకా పెద్ద సెక్షన్లున్నాయి. అంటే పాటకంటే, ఆ పాట పాడేదాన్ని చులకన చేయడమే పెద్ద నేరమని చట్టం అంటోంది. మన దగ్గర బందోబస్తుకు వచ్చినవాళ్లు పాట వినడానికి చెవులు పెడతారు, గుచ్చుతున్న చేతిని చూడరు.

ముంబైలో డాన్స్ బార్ల గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. ఆ బార్లలో ఆడే ఆడవాళ్ల పనే మూసేయడం తప్పని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. 2019 జనవరిలో ఇంకో తీర్పులో, డబ్బు బహుమతిగా ఇవ్వచ్చు, మీద చల్లకూడదు అంది. మా కష్టం తెలిసిన మనిషి రాసినట్టుంది ఆ మాట. పని ఉండనివ్వండి, ఆ పనిలో మర్యాద ఉండనివ్వండి అని నేనడిగేదీ అదే.

ఇంకో చట్టం గురించి మీలో చాలామందికి తెలియదు. 2013లో వచ్చిన, పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం ఆఫీసులకే అనుకుంటారు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్లకు, అసంఘటిత రంగానికి కూడా అది వర్తిస్తుంది. దాని కోసం ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ అని ఒకటి ఉండాలి. 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మాకు స్టేజీయే పనిచేసే చోటు. మా ట్రూప్ వాళ్లకు ఈ సంగతి నేను చెప్పడం మొదలుపెట్టాను. మీ మీద కోపంతో కాదు, ఎవరి హక్కులు వాళ్లకు తెలిసి ఉంటే మాట్లాడుకోవడం తేలికవుతుందని.

సెల్‌ఫోన్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ముందు నోట్ల గొడవ ఒక్కటే. ఇప్పుడు స్టేజీకి ఆనుకుని కింది నుంచి వీడియోలు తీస్తారు. ఏ కోణంలో తీస్తారో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి అది యూట్యూబ్‌లో ఉంటుంది, పైన రాసే మాటలు నేను ఇక్కడ రాయలేను. మాతో ఆడే ఒక అమ్మాయి పెళ్లి సంబంధం ఇలాంటి వీడియో వల్ల చెడిపోయింది. ఆ రాత్రి ఆ పిల్ల వేసిన స్టెప్పే అదే ఊరి స్కూలు వార్షికోత్సవంలో ఏడో తరగతి పిల్లలు వేస్తే ఊరి పెద్దలు చప్పట్లు కొట్టారు. పిల్లలను నేను తప్పుపట్టను. సినిమాకు సెన్సారు ఉంది, పిల్లలు పెద్దల తోడుతో చూడాల్సిన యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లని 2024 నుంచి విడగొట్టారు. పాట మాత్రం సినిమా కంటే ముందే ఫోన్లోకి వచ్చేస్తుంది, అక్కడ వయసు అడిగేవాళ్లు లేరు. పన్నెండేళ్ల పిల్ల ఆడితే ముద్దుగా ఉందనేవాళ్లు, ఇరవై రెండేళ్ల పిల్ల అదే స్టెప్పు కూలికి వేస్తే చెడిపోయిందనేవాళ్లు ఒకరే కావడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు పాట బలం తెలియదనుకోకండి. 1990ల మొదట్లో అక్షరాస్యత కళాజాతాలు పాటలతోనే పల్లెలు తిరిగాయి. రాత్రి బడిలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా పోయింది. ఆ ఉద్యమంలో తిరిగిన పెద్దమ్మలు చాలామంది ఇంకా మీ ఊళ్లలో ఉన్నారు. వాళ్లను మళ్లీ ముందు వరసలో కూర్చోబెట్టండి. పది దాటాక కూడా వాళ్లు లేవకుండా ఉంటే చీటీల్లో సగం రావు. నేను కళ్లారా చూసిందే చెప్తున్నాను: ఏ ఊళ్లో ఆడవాళ్లు చివరిదాకా కూర్చుంటారో, ఆ ఊళ్లో అవే మాస్ పాటలు హాయిగా పాడతాం. వాళ్లూ నవ్వుతారు, మేమూ నవ్వుతాం. ఉదయగిరి వైపు ఒక పల్లెలో ఆడవాళ్లే లేచి మాతో కలిసి ఆడారు. ఆ రాత్రి ఒక్కడూ స్టేజీ దగ్గరికి రాలేదు.

అందుకే ఈసారి కమిటీలో ఇద్దరు ఆడవాళ్లను పెట్టండి, పేరుకు కాదు, ప్రోగ్రాం మాట్లాడేటప్పుడు కూడా. పాటల లిస్టు మేం ముందే పంపుతాం. అందులో మాస్ పాటలు తప్పకుండా ఉంటాయి, వాటిలో మీకు కావలసినవి టిక్కు పెట్టండి. స్టేజీ మీద మాత్రం చీటీ రాకూడదు, పాట మళ్లీ పాడాలో వద్దో పాడేవాళ్లే చెప్పాలి. చదివింపులు ఎవరైనా ఇవ్వాలనుకుంటే టేబుల్ దగ్గర రాసుకోండి, పేరు మైకులో చదువుతాం. స్టేజీ చుట్టూ పది అడుగులు కర్రలు కట్టించండి, లోపలికి ఫోన్లు పట్టుకుని రావద్దని మీరే మైకులో చెప్పండి. మీరు చెప్తే వింటారు, మేం చెప్తే నవ్వుతారు. చీరలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, పక్కనే బాత్రూం చూపించండి. వ్యానులో, ప్రభ వెనక చీకట్లో మార్చుకోవడం ఇక మా వల్ల కాదు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగలకు అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వచ్చు. మీరు తెల్లవారుజాము 2 దాకా పాడిస్తారు. 12 గంటలకు ముగించేద్దాం. తాగినవాళ్లు ఎక్కువయ్యేది ఆ తర్వాతే, జాతీయ రహదారి మీద మా వ్యాను డ్రైవరు కునికేదీ ఆ తర్వాతే.

ఆఖరుగా డబ్బు. ట్రూప్ నాయకుడికి మొత్తం ఇచ్చి మీ పని అయిపోయిందనుకోకండి. పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు ఎవరి డబ్బు వాళ్లకు, స్టేజీ ఎక్కకముందే, ఫోన్‌పేలో పడేట్టు మాట్లాడండి. ఇంటికి పోవడానికి డబ్బు చేతిలో ఉన్న మనిషే నచ్చని పాట పాడనని చెప్పగలదు. శివరాత్రి ప్రోగ్రాములకు అడ్వాన్సులు మాట్లాడే రోజులు వచ్చేశాయి. ఈ షరతులు ఒప్పుకునే కమిటీలు తమ ట్రూప్ నాయకుడికి ఆ మాట ముందే చెప్పండి, కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం చూసి మేం ఆడవాళ్లం మాట్లాడుకుంటాం, ముందు మీ ఊరికే డేట్లు ఇస్తాం.

ఇట్లు,
మీ ఊరి స్టేజీ మీద పాడే ఒక ఆర్కెస్ట్రా గాయని